ఈసారి వంతెన దాటాక దిగిపోయాం

నవంబరు 15, శనివారం. కొవ్వూరు దాటాక, ఇంకా చీకటి ఉండగానే

"లేవవే, గోదారి వస్తోంది."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ నన్ను రైల్లో ఈ మాటతోనే లేపుతోంది. మా పుట్టిల్లు విశాఖపట్నం, కాపురం హైదరాబాదు. ఈ రెండు ఊళ్ల మధ్య నేను గోదావరిని ఎన్ని వందల సార్లు దాటానో లెక్క లేదు. ప్రతిసారీ అదే తంతు. నిద్రమత్తు, ఇనుప చప్పుడు, గుప్పెట్లో ఒక బిళ్ల, నాలుగు నిమిషాలు, మళ్లీ దుప్పటి ముసుగు. ఒక్కసారీ దిగింది లేదు. మొన్న దసరాకు అమ్మే అంది, "డెబ్బై ఏళ్లొచ్చాయి, పైనుంచి డబ్బులు విసరడమే గాని ఆవిడ గుమ్మం తొక్కలేదే" అని. కార్తీకంలో వెళ్దామని అప్పుడే మాట అనుకున్నాం.

ఏసీ బోగీ అద్దాలు తెరుచుకోవు. అందుకని అమ్మ చెప్పులు వెతుక్కుని తలుపు దగ్గరికి బయలుదేరింది, వెనకాలే ఆమె నడుం పట్టుకుని నేను. పసుపు రంగు అయిదు రూపాయల బిళ్లను కళ్లకద్దుకుని విసిరింది. అది ఎక్కడో ఇనుప దూలానికి తగిలి ఠంగుమంది. "అందిందంటావా?" అని అడిగింది. అందే ఉంటుందన్నాను. పది నిమిషాల్లో రాజమండ్రిలో దిగాం. కాగితాల్లో 2015 నుంచి ఈ ఊరు రాజమహేంద్రవరం, ఆటోవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ రాజమండ్రే.

అదే రోజు. గట్టు మీద

"గోదావరి కనిపించే గది" అని రోజుకు అయిదు వందలు ఎక్కువ తీసుకున్న లాడ్జి వాళ్ల గది కిటికీ తీస్తే నల్లటి నీళ్ల ట్యాంకు కనిపించింది. నడుం దాకా బయటికి వంగి మెడ ఎడమకు తిప్పితే రెండు మేడల సందున జానెడు నది. కౌంటరు దగ్గర కుర్రాణ్ని అడిగితే "కనబడుతోంది కదండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఈ జిల్లాలో మనిషిని తిట్టడం కష్టం. ప్రతి మాటకూ ముందు "ఆయ్" అని, చివర "అండి" తగిలించి మన కోపాన్ని మడిచి మన చేతికే ఇచ్చేస్తారు.

ఆ కోపం మినపరొట్టె దగ్గర పూర్తిగా పోయింది. గట్టుకు వెళ్లే దారిలో ఒక పాక హోటల్లో మూకుడులో మందంగా పోసి, మూత పెట్టి, నిప్పుల సెగ మీద కాల్చి తీస్తున్నారు. పైన కరకర, లోపల దూది. పక్కన చెరకు పానకం. విశాఖలో మేం దిబ్బరొట్టెను ఆవకాయతో తినే రకం. పానకం చూసి అమ్మ ముఖం చిట్లించింది, ఒక ముక్క ముంచుకుని తిని ఊరుకుంది, తర్వాత రెండో రొట్టె చెప్పింది. రొట్టె అరవై రూపాయలు. కార్తీకం కదా, ఉల్లిపాయ తగలని టిఫిను ఏముందని అడగాల్సిన పనే లేకపోయింది.

పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుంటే ఇన్నాళ్లూ మేం దాటింది ఏమిటో అప్పుడు అర్థమైంది. నా మనసులో ఉన్నది ఒకే వంతెన. ఎదురుగా ఉన్నవి మూడు. దగ్గరగా రాతి స్తంభాల మీద తుప్పు పట్టిన గడ్డర్లతో పాత హేవలాక్ వంతెన. దాని వెనకాల తెల్లటి విల్లులు వరుసగా పేర్చినట్టు ఆర్చి వంతెన. ఇంకా ఎగువన రోడ్ కం రైలు వంతెన, పైన లారీలు, కింద రైళ్లు. నాలుగోది కాతేరు వైపు ఉంది, 2015లో తెరిచారు. అది ఇక్కడికి ఆనదు.

మా పక్కన ఒక పెద్దాయన ఎండ కాచుకుంటూ కూర్చున్నారు. రైల్వేలో చేసి రిటైరయ్యారట. అమ్మ ఎవరినైనా రెండు నిమిషాల్లో వరస కలిపేస్తుంది. "అన్నయ్యగారూ, మా చిన్నప్పుడు వంతెన మీద చప్పుడు ఇలా ఉండేది కాదు. గుండెలు అదిరేవి. ఇప్పుడేమిటి, పాడు, ఒకసారి మెత్తగా పోతుంది, ఒకసారి మోగుతుంది?" అని అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. బహుశా ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఏళ్లుగా కూర్చుని ఉన్నారేమో.

"మీరు చిన్నప్పుడు దాటింది అదుగో, ఆ పాతదమ్మా. 1900లో రైలు నడిచింది. స్తంభాల మధ్య యాభై ఆరు కానాలు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ దొర పేరు పెట్టారు. నదిలో బావులు దింపి, ఆ బావుల మీద స్తంభాలు లేపారు. 1997లో విశ్రాంతి ఇచ్చారు. ఇప్పుడు ఒక లైను ఆర్చి వంతెన మీద, ఒక లైను రోడ్ కం రైలు వంతెన మీద. ఆర్చిది కాంక్రీటు, మెత్తగా పోతుంది. ఆ రెండోది ఇనుము, పైన రోడ్డు కప్పులా ఉంటుంది కాబట్టి చప్పుడంతా మీ బోగీలోకే తిరిగొస్తుంది."

ఆర్చి వంతెన ఎలా నిలబడుతుందో ఆయన చేతికర్రతోనే చూపించారు. పైన వంగినది విల్లు, కింద రైలు నడిచేది నారి. విల్లు రెండు కొసలూ బయటికి తన్నుకుపోవాలని చూస్తాయి, నారి పట్టి లాగి ఉంచుతుంది. మధ్యలో వేలాడే కడ్డీలు నారిని విల్లుకు తగిలిస్తాయి. అలాంటి విల్లులు ఇరవై ఎనిమిది, ఒక్కొక్కటీ 97 మీటర్ల పైచిలుకు. నేను ఇంజినీరింగు చదివాను. ఇంత శుభ్రంగా నాకు ఎవరూ చెప్పలేదు.

పాత వంతెనను నడక దారిగా, చూడదగ్గ చోటుగా మార్చాలన్న మాట ఏళ్లుగా వింటున్నదే. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టు పేరుతో శంకుస్థాపన కూడా అయింది. పెద్దాయన దాని గురించి అడిగితే మాత్రం ఏమీ అనలేదు, కర్రతో మెట్టు మీద ఇసుక గీశారు.

సాయంత్రం, అదే రేవు

హారతికి ముందు మెట్ల కింద మోకాలి లోతు నీళ్లలో ఒకతను తాడు విసిరి లాగుతున్నాడు. చేపల వల అనుకున్నాను. తాడు చివర పచ్చడిబండంత అయస్కాంతం ఉంది. లాగినప్పుడల్లా దానికి మేకులు, సేఫ్టీ పిన్నులు, బిళ్లలు అంటుకుని వస్తున్నాయి. బిళ్లలు నడుముకు కట్టుకున్న సంచిలోకి, మేకులు ఇంకో సంచిలోకి. "దాన్ని కూడా కాటాకి వేస్తామండి" అన్నాడు.

అమ్మకు మొదట కోపం వచ్చింది. "గంగమ్మకు వేసినవి అలా తీసుకోవచ్చా నాయనా?"

"గంగమ్మ ఏం చేసుకుంటుందండి మామ్మగారూ, మాకే ఇప్పిస్తుంది" అన్నాడు తాడు చుట్టుకుంటూ. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు. కాసేపు ఆగి, రైల్లోంచి వేసినవి కూడా దొరుకుతాయా అని అడిగింది. అక్కడ లోతు ఎక్కువట, పడవేసుకుని వెళ్లాలి, సగం ఇనుముకు తగిలి ఎటో పోతాయి. రేవులో వేసినవే అన్నం పెడతాయి. కార్తీకమాసంలో రోజుకు మూడు నాలుగు వందలు, తక్కిన రోజుల్లో కూలిపని.

"రూపాయి, రెండు రూపాయల బిళ్లలు టక్కున అంటుకుంటాయండి. రాగివి అంటుకోవు. ఆ పసుపు అయిదు రూపాయలది ఉంది చూడండి, అది అసలే అంటుకోదు. పూర్వం ముసలమ్మలు వేసిన రాగి కాసులు ఎన్ని ఉన్నాయో అడుగున, మునిగే వాళ్లకే దక్కుతాయి."

నేను అమ్మ వైపు చూడలేదు. తెల్లవారుజామున విసిరింది పసుపు బిళ్ల.

హారతి బాగుంది. ఎత్తైన దీపపు సెమ్మెలు ఒకేసారి లేచి ఒకేసారి తిరుగుతుంటే వెనకాల ఆర్చి వంతెన మీద రైలు కిటికీల వెలుగు గొలుసులా సాగిపోయింది. ఆ రైల్లో కూడా ఎవరో ఎవరినో లేపుతూ ఉంటారు. ఈ రేవు దగ్గరే 2015 పుష్కరాల తొలిరోజు పొద్దున తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. జనం పెరుగుతుంటే నాకు అదే గుర్తొచ్చి, హారతి పూర్తి కాకముందే అమ్మను గట్టు పైకి తీసుకొచ్చేశాను. ఆమె సణుగుతూనే వచ్చింది.

నవంబరు 16, ఆదివారం. కొవ్వూరు, ధవళేశ్వరం, ఆత్రేయపురం

రోజంతటికీ ఆటో పన్నెండు వందలకు మాట్లాడుకున్నాం. పదిహేను వందల దగ్గర మొదలైన బేరం. నడిపే అబ్బాయి పాతికేళ్ల వాడు, అమ్మను "అమ్మగారూ" అనీ నన్ను "మేడం గారూ" అనీ పిలిచాడు. అమ్మ అడిగింది ఒకటే, రైలు మన కాళ్ల కింద వెళ్లాలి.

రోడ్ కం రైలు వంతెన 1974లో వచ్చింది. రోడ్డు భాగం రెండు వైపులా వంతెనకు చేరే దారులతో కలిపి నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. అబ్బాయి మధ్యలో ఆపనన్నాడు, పోలీసులు ఒప్పుకోరట. కాని నెమ్మదిగా పోనిచ్చాడు. సగం దూరం వెళ్లేసరికి రోడ్డు సన్నగా వణికింది. ముందు పాదాల్లో తెలిసింది, తర్వాత చెవికి. కింద గూడ్సు బండి. అమ్మ చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని పాదాలు ఆటో అడుగుకు ఆనించి కూర్చుంది, కాలవ గట్టున నీళ్లలో కాళ్లు పెట్టుకున్నట్టు. పెట్టెలు లెక్కపెట్టమంది. నలభై దాకా వచ్చి తప్పిపోయాను.

కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో మాకు ఎక్కువ సేపు పట్టలేదు. గౌతముడి కథ, ఆవు డెక్క ఆనవాలు, రేవులో దీపాలు. మెట్ల మీద నాచు ఉంది, జాగ్రత్త. అటు ఒడ్డు నుంచి చూస్తే రాజమండ్రి ఊరు నీళ్ల మీద గీసిన గీతలా ఉంటుంది. ఇది మాత్రం చూడాలి.

ధవళేశ్వరానికి వచ్చేసరికి పదకొండు. కాటన్ మ్యూజియంలో పాత ఆనకట్ట నమూనాలు, పనిముట్లు, పటాలు ఉన్నాయి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ దాని తర్వాతిది, నాలుగు ముక్కలుగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర ఉంటుంది. అంతా కలిపి 175 గేట్లు. ఒక దొరకు ఈ జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో బొమ్మలు ఉన్నాయో దారి పొడవునా చూశాం. గుర్రం మీద కొన్ని, టోపీతో కొన్ని, పూలదండతో అన్నీ. సంకల్పంలో ఆయన పేరు తలుచుకునే పురోహితులు ఇప్పటికీ ఉన్నారని ఆటో అబ్బాయి చెప్పాడు.

నాకు మ్యూజియం కంటే ఎక్కువగా నచ్చింది బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలిచే పలక. పేపర్లో ప్రతి జులైలో చదివే "మొదటి ప్రమాద హెచ్చరిక" అంటే ఆ పలక మీద 11.75 అడుగులు. రెండోది 13.75, మూడోది 17.75. ఆ అంకెల ముందు నిలబడి ఎదురుగా నిద్రపోతున్నట్టు ఉన్న నీళ్లను చూస్తే నమ్మబుద్ధి కాదు. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు ఇక్కడి నుంచే పోయాయి. మూడో హెచ్చరిక ఇచ్చేది పదిహేడు లక్షలకు. "దానికి రెండింతలు" అని అబ్బాయి చేత్తో తన తల మీద ఎక్కడి దాకానో చూపించాడు. అప్పటికి వాడు పుట్టలేదు. వాళ్ల నాన్న చెప్పాడట, లంకలో ఇంటి వాసాల మీద మూడు రాత్రులు ఉన్నారని.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి ఆత్రేయపురం వైపు తిరగాలి. ఇక్కడ దారి తప్పాం. ఫోను ఒక దారి చూపింది, అబ్బాయి వద్దన్నాడు, నేను ఫోను మాట విన్నాను. అరటి తోటల మధ్య కాలవ గట్టు మీద పోయి పోయి ఒక పశువుల పాక ముందు దారి ఆగిపోయింది. పాకలోంచి ఒక ఆవిడ వచ్చి, ఎక్కడికని అడగకుండానే "పూతరేకులకా?" అంది. రోజుకు నలుగురైనా ఇలా వస్తారట. మంచినీళ్లు ఇచ్చింది, అమ్మకు ఒక అరటి హస్తం ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. అబ్బాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆటో వెనక్కి తిప్పుకుంటూ "ఫోనుకేం తెలుస్తుందండి" అన్నాడంతే.

ఆత్రేయపురంలో చాలా ఇళ్ల వసారాల్లో ఆడవాళ్లు రేకు తీస్తూ కనిపిస్తారు. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరుస్తారు, గుడ్డ లేచేసరికి రేకు మిగులుతుంది. నాకూ ఒకసారి ఇచ్చారు. నా గుడ్డ కింద రేకు కాదు, ఒక చిరుగుల దేశపటం వచ్చింది. నవ్వి, దాన్నే నెయ్యి, పంచదార వేసి చుట్టి నా చేతిలో పెట్టారు. మంట సెగకు వాళ్ల ముంజేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణాల బోర్డుల మీద ఆ ముద్ర పెద్దదిగా వేసుకున్నారు. బెల్లం, జీడిపప్పువి పది ఉన్న పెట్టె రెండు వందల యాభై. రేకు తీసే ఆవిడను రోజుకు ఎంత గిట్టుతుందని అడగబోయి ఆగిపోయాను, పక్కనే దుకాణం యజమాని నిలబడి ఉన్నాడు.

రాత్రి లాడ్జి దగ్గర మెస్సులో భోజనం. అమ్మకు కంద బచ్చలి, పనసపొట్టు కూర, ముద్దపప్పు. కార్తీక నియమం ఆమెదే కాని నాది కాదు కాబట్టి నేను పులస అడిగాను. వడ్డించే ఆయన ఆగి, జాలిగా చూసి, "వరద నీళ్లకు ఎదురొచ్చే చేపను నవంబరులో అడిగితే ఎలాగండి" అన్నారు. పక్క బల్ల వాళ్లు కూడా నవ్వారు. బొమ్మిడాయిల పులుసుతో సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడం అనకూడదు, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అమ్మ కుర్చీ కాస్త అటు తిప్పుకుని తింది.

నవంబరు 17, సోమవారం. కోటిలింగాల రేవు, ఊళ్లో

కార్తీకంలో ఆఖరి సోమవారం. నాలుగున్నరకే కోటిలింగాల రేవు నిండిపోయింది. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతున్నారు, దొప్ప ఇరవై రూపాయలు, వత్తి వాళ్లదే. దిగువన బ్యారేజీ నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఇక్కడ నది పెద్దగా కదలదు. దీపాలు దూరం పోవు, ఒకదాన్నొకటి తోసుకుంటూ మెట్ల దగ్గరే తచ్చాడుతుంటాయి. ఒక పిల్లవాడు నీళ్లను చేత్తో అలలు చేసి వాటిని సాగనంపుతున్నాడు. అమ్మ మునిగింది. నేను కాళ్లు తడుపుకున్నాను. పైకి వచ్చేసరికి నా చెప్పు ఒకటి లేదు. రెండూ పోతే దొంగ అనుకోవచ్చు, ఒకటే పోతే ఏమనుకోవాలి?

పడవ ఎక్కుదామంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఆమె మరిచిపోలేదు. పడవ సరంగు తానే నారింజ రంగు లైఫ్ జాకెట్టు తెచ్చి, "ఇది కట్టుకోనిదే నేను తీయనండి మామ్మగారూ" అన్నాక ఎక్కింది. గంటకు నాలుగు వందలు. తడి చీర మీద ఆ జాకెట్టుతో అమ్మ పెళ్లికి ముస్తాబైన ట్రాఫిక్ పోలీసులా ఉంది. ఆ మాట అన్నందుకు వంతెన దాకా నాతో మాట్లాడలేదు.

పాత వంతెన కిందికి వెళ్లాం. రాతి స్తంభాల మీద ఏళ్ల వరదల గీతలు, సందుల్లో మొలిచిన రావి మొక్కలు, గడ్డర్ల నిండా పావురాలు. సరంగు ఇంజను ఆపాడు. సరిగ్గా అప్పుడే పక్కన ఆర్చి వంతెన మీద ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కింద నుంచి వింటే అది చప్పుడు కాదు, గొంతు సవరించుకుంటున్న పెద్ద మనిషి. మెరుస్తూ రెండు మూడు బిళ్లలు రాలడం నేను చూశాను. ఒకటి మా పడవకు పది బారల దూరంలో బుడుంగుమంది. అమ్మ ఆ చోటు వంక చాలాసేపు చూసింది.

ఊళ్లో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి కొత్త చెప్పులు కొనుక్కుని వెళ్లాను, నూట ఎనభై. చిత్రకారుడు రామారావు ఇక్కడివాడే, 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండా. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అతని చేతిని గుర్తించి బొంబాయి పంపించాడు. ఆడవాళ్లు పూలు ముడుచుకుంటున్న బొమ్మ ముందు అమ్మ ఆగి, "వీళ్ల మోచేతులు చూడు, పని చేసే చేతులు" అంది. నాకు ఆత్రేయపురం వసారా గుర్తొచ్చింది.

కందుకూరి వీరేశలింగం ఇంటి ముందు మాత్రం ఆమె ఏమీ అనలేదు. 1881 డిసెంబరులో ఆయన మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే. ఆటోలో కూర్చున్నాక చెప్పింది, "మా మేనత్తకు పదేళ్లకే బొట్టు చెరిపేశారు. ఇది జరిగిన యాభై ఏళ్లకు. ఇక్కడి నుంచి మా ఊరికి రైలు వచ్చేసింది గాని, ఈ మాట రాలేదు." మేనత్త ప్రస్తావన నేను అప్పటిదాకా వినలేదు.

మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగాం, గ్లాసు నలభై. పైన మీగడ తేలుతూ చిక్కగా ఉంది. ఉపవాసం సంగతి అడిగాను. పాలే కదా అంది.

రాత్రి రైలు

రైలు కదిలాక బెర్తు సర్దుకుంటున్నాను. గోదావరి స్టేషను దీపాలు వెనక్కి పోయాయి. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడింది. నా పర్సులోంచి బిళ్ల తీసి ఇచ్చాను. లైటు వైపు తిప్పి చూసి నా చేతిలోనే తిరిగి పెట్టేసింది.

"పసుపుది వద్దు. రూపాయి బిళ్లలు ఉన్నాయా? ఒకటి కాదు, ఓ పది ఇవ్వు."